శనివారం మాత్ర

చైత్రా, పట్టుగూళ్లు అమ్మేదానికి కోలారు మార్కెట్టుకు పోతా ఉండాను. మీ నాయన లేస్తానే ఉప్పు లేని రాగిగంజి తాపి, బీపీ మాత్ర, షుగరు మాత్ర రెండూ వెయ్యి.

ఈ పొద్దు శనివారం కదా, మాత్ర చూస్తే పెదాలు బిగించుకుంటాడు. కోప్పడొద్దమ్మా. శనివారాలు ఒక్కపొద్దు ఉంటాడని, ఉత్త కడుపున మాత్రలు పడవని ఇన్నేండ్లూ ఆపింది నేనే. స్ట్రోకు వచ్చింది గూడా శనివారమే. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, రోజూ వేసుకుంటాడని అబద్ధం చెప్పినాను.

మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. వారం మాత్రం మరిచిపోలేదు మీ నాయన.

ఇంగొకటి. ఎంతకీ నోరు తెరవకపోతే, ఇంగ ఒక్కపొద్దులు వద్దని అమ్మ చెప్పిందని చెవిలో చెప్పు. నేను చెప్పినానంటే వింటాడు. అప్పుడు మాత్రలు వద్దన్నా అట్లే విన్నాడు.