డ్రైవరు నేనే

హోసూరు, 1964

అంచెట్టిలో ఉండే పుట్టమ్మక్కకు తమ్ముడు దండం పెట్టి రాసేది.

మన పాత ఆస్టిన్ కారును పందొమ్మిదేండ్ల పిల్లోడు నడిపితే ఇన్సూరెన్సు ఇచ్చేది లేదన్నారు. నాకు తెల్లదొరల కాలంనాటి లైసెన్సు ఉంది కదా అని, కాయితంలో డ్రైవరుగా నా పేరు రాయించినాను. నడిపేది మాత్రం నీ కొడుకు సోమప్పే, నేను పక్కన కూర్చుంటాను.

నిన్న కావేరిపట్టణం దారిలో వాడు ఎద్దుబండిని గుద్దినాడు. ఎద్దు కాలు విరిగింది. పోలీసులు అడిగితే నేనే నడిపినానని చెప్పినాను. సోమవారం కృష్ణగిరిలో ఇన్సూరెన్సు ఆఫీసరు ముందర నేను కారు నడిపి చూపించాలంట. వాడికి లైసెన్సు లేదు, నిజం చెప్తే జైలుకు పోతాడు.

నా కండ్లకు పొర కమ్మి రెండేండ్లాయె, ఎవరికీ చెప్పలేదు. సోమప్పను నీ ఊరి బస్సెక్కించినాను, ఆడనే పెట్టుకో. ఏడ్చి ఊరంతా చాటొద్దు.

ఈ ఉత్తరంలో వరసలు వంకరగా ఉంటే ఏమీ అనుకోవద్దక్కా. సోమవారం కారు మాత్రం నేరుగా నడపాల.

నీ తమ్ముడు