ఖర్జూరపు మట్ట మీద నీ ఫోటో

సుజాతా,

నువ్వు పోయి పది నెలలు. ఇవాళ నాకు ఒళ్ళు మండిపోతోంది. చెప్పుకోడానికి నువ్వే కావాలి.

ఫోన్లో నీకు నమస్తే చెప్పే నేపాలీ వంటమనిషి హరి గుర్తున్నాడా? వాళ్ళది ఖాట్మండు లోయ. అక్కడ రాఖీ పున్నమి మర్నాడు ఆవు జాతర. పోయినవాళ్ళకు పైలోకం దారి ఆవే చూపిస్తుందట. ఆ ఏడాది చనిపోయినవాళ్ళ ఫోటోలను గుడ్డ చుట్టిన వెదురుగడకు కట్టి, పైన గడ్డికొమ్ములు పెట్టి ఊరేగిస్తారు.

ఈ ఏడు వాళ్ళమ్మ పోయింది. కంపెనీ సెలవివ్వలేదు. ఈ సౌదీలో, ఈ హుఫూఫ్‌లో వెదురెక్కడిది? ఖర్జూరపు మట్టకు కొత్త తువ్వాలు చుట్టి, గడ్డికొమ్ములు కట్టాడు.

"భాభీ ఫోటో కూడా ఇవ్వండి సార్. దారిలో మా అమ్మకు మాట్లాడే మనిషి ఉండాలి" అన్నాడు.

ఇచ్చాను. ఇద్దరం మెస్ చుట్టూ నవ్వుతూ తిరిగాం. ఆ జాతరలో నవ్వాలట.

క్యాంపు ఇన్‌చార్జి మన నిజామాబాద్ వాడే. వచ్చి మట్ట లాక్కున్నాడు.

"ఏంది సారూ, సదువుకున్నోళ్ళు, మీకూ గీ గడ్డికొమ్ముల పిచ్చేనా? కఫీల్ సేటు చూస్తే నా నౌకరి పోతది!"

ఇక్కడ మన పూజలూ జాతరలూ బయట చెయ్యకూడదు, భయపడితే తప్పు పట్టను. కానీ మీ ఇద్దరి ఫోటోలనూ ఎంగిలి డబ్బాలో ఎందుకు పడెయ్యాలి? అది ఏ చట్టంలో ఉంది?

తీసి కడిగాం. నీ చెంప మీద పసుపు మరక పోలేదు.

పైగా క్యాంపు క్లర్కును కదా, హరికి వార్నింగ్ లెటర్ టైపు చెయ్యమని నాకే పురమాయించాడు. చేశాను. హరి పేరు కింద నా పేరూ కొట్టి, సంతకానికి ఇన్‌చార్జి బల్ల మీద పెట్టాను.

సాయంత్రం దాకా సంతకం పెట్టలేదు.

శంకర్