బొక్కల చదువుకు పోతున్నాను, అక్కా

అక్కా,

ఎట్లా ఉన్నావని అడగలేను. నువ్వు పోయి ఎనిమిది నెలలు. అప్పుడు ముసురు పట్టి ఉంది. ఇప్పుడు నిజామాబాద్ మార్కెట్ యార్డు నిండా పసుపు, ఆటోలో ఆ పక్క నుంచి పోయినా గొంతులో ఘాటు. చెరుకు సీజన్ అయిపోయి బోధన్ రోడ్డు మీద లారీలు కనిపించడం లేదు. బాపు మోకాలి నొప్పి అట్లాగే ఉంది. నీ బిడ్డ శ్రీజ బడికి పోతోంది, ఏడవకుండానే.

ఇవి చెప్పడానికి రాయడం లేదు. నీ మీద కోపంతో రాస్తున్నాను.

ముందు మంచి మాట చెప్పి, తర్వాత కొట్లాడతాను. ఆ శిక్షణకు నన్ను తీసుకున్నారు. గుర్తుందా... పోయిన ఏడాది నీ వంటింట్లో కూర్చొని ఫోన్‌లో చదివి వినిపించాను. పాత నది ఒడ్డుల్లో రాయిగా మారిన ఎముకలను ఎట్లా తవ్వాలి, ఎట్లా శుభ్రం చేయాలి, అది ఏ జీవిదో ఎట్లా గుర్తుపట్టాలి... వేసవి అంతా అక్కడే ఉంచి నేర్పిస్తారు. మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చదివే పిల్లలకు ఇట్లాంటిది దొరకడం ఎంత కష్టమో నీకు తెలుసు, నా ఏడుపంతా విన్నది నువ్వే కదా. మా కాలేజీలో ఉన్నది ఒక్క ప్లాస్టర్ పుర్రె. దాని దవడ ఎవరో విరగ్గొట్టారు, అప్పటి నుంచి అల్మారాకు తాళం. ప్రాక్టికల్ అంటే పుస్తకంలో బొమ్మ చూసి రికార్డులో బొమ్మ గీయడం. బయట ఏ ప్రకటన చూసినా అనుభవం ఉన్నవాళ్లకే ప్రాధాన్యం అంటారు. అనుభవం శిక్షణకు పోతేనే వస్తుంది. శిక్షణకేమో అనుభవం ఉన్నవాళ్లనే తీసుకుంటారు. మరి నిజామాబాద్ పిల్ల ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను నీ గిన్నెలో మొదలుపెట్టాను.

ఎముకలు చేత్తో పట్టుకున్న అలవాటుందా అని ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసినవాళ్లు అడిగారు. ఉందన్నాను. ఆదివారం ఆదివారం మా అక్క మేక తలకాయ, కాళ్లు తెప్పించి, కూర తిన్నాక మిగిలిన బొక్కలన్నీ సోడా వేసి పెరట్లో ఉడికించి, తోమి, ఎండబెట్టి ఇచ్చేదని చెప్పాను. అటు పక్క ఎవరో నవ్వారు. తర్వాత నవ్వకుండా అడిగారు, కుడి ముంగాలి ఎముకనూ ఎడమదాన్నీ ఎట్లా వేరు చేస్తావని. చెప్పాను. ఎందుకు చెప్పలేను? నువ్వు అన్నీ గుడ్డలో కలిపి నా ముందు పోసేదానివి. "ఇది ఎడమదా కుడిదా సెప్పు. సెప్పకుంటే బువ్వ లేదు" అనేదానివి. నీకు జవాబు తెలియదు. నా మొహం చూసి తప్పో ఒప్పో పట్టేసేదానివి.

వాడకట్టంతా ఆ వాసనకు ముక్కు మూసుకుంటే, "మా చెల్లె బొక్కల సదువు సదువుతుంది" అని నువ్వే దండోరా వేశావు. దాంతో చెయ్యి బెణికినవాళ్లు, నడుం పట్టినవాళ్లు నా కోసం నీ వాకిట్లో కూర్చునేవాళ్లు. నేను ఆ డాక్టర్‌ను కాదు మొర్రో అంటే నువ్వు పక్కకు తీసుకుపోయి, "జెర పట్టి సూడే, పొయ్యేదేమున్నది" అన్నావు. ఒక ముసలాయన చెయ్యి పట్టి చూశాను కూడా. తగ్గిందని మర్నాడు వంకాయలు తెచ్చాడు. నువ్వు నవ్వి నవ్వి కూలబడ్డావు.

మంచి మాట అయిపోయింది.

ఆర్నెల్ల మాసికానికి అందరం బోధన్‌లో మీ ఇంటికి వచ్చాం. తిన్నాక పెద్దమ్మ విస్తళ్లు తీయకముందే మొదలుపెట్టింది. ఇంట్ల పిల్ల ఉండంగ బయటి సంబంధం ఎందుకట. ఏడాది తిరగకముందే నన్ను బావకు ఇచ్చేస్తే శ్రీజకు తల్లి దొరుకుతుందట. నేను అక్కడే నీళ్ల చెంబుతో నిలబడి ఉన్నాను, అక్కా. నా వైపు ఎవరూ చూడలేదు. బాపు కూడా.

నేను బావ వైపు చూశాను, కాదంటాడని. బావ తల దించుకొని చెప్పాడు, దవాఖానలో నువ్వే అన్నావట. "నాకేమన్న అయితె మా చెల్లెను చేసుకో. పరాయిది వస్తె నా బిడ్డ ఆగమైతది."

బావకు అల్లి చెప్పడం రాదు. పైగా 'ఆగమైతది' నీ మాటే. పాలు పొంగినా, బస్సు తప్పినా నీకు అంతా ఆగమే. కాబట్టి నువ్వు అన్నావు. నిజంగానే అన్నావు.

నేను దవాఖానలో నీ కాళ్ల దగ్గరే కూర్చున్నాను కదా. నన్నెందుకు అడగలేదు?

"నువ్వు ఆగకే రజితా, నిన్ను సూసి నేనే సదువుకు పోతున్న అనుకుంట" అన్నది ఎవరు? ఆ దరఖాస్తు పంపు పంపు అని నా ప్రాణం తీసింది ఎవరు? అదే నోటితో బావకు ఆ మాట ఎట్లా చెప్పావు? జ్వరంలో అన్నావా, భయంతో అన్నావా... లేక మొదటి నుంచీ లోపల అదే ఉందా? ఇది తెలియకుండానే నేను బతకాలి. అందుకే కోపం.

పెళ్లి ఈ వేసవిలోనే అని పెద్దమ్మ అనేసింది. శిక్షణ కూడా ఈ వేసవిలోనే. ఎంపికైనట్టు కబురు రాగానే ఇంట్లో చెప్పాను. పెద్దమ్మకు అప్పుడు నోరు లేచింది. మనిషి ఎట్ల పుట్టిండో సదివినవు గని మనిషితనం సదవలేదు అంది. సరే, నవ్వొచ్చింది. తర్వాత అన్నదానికి మాత్రం రాలేదు. మీ అక్క నీ కోసం పదో తరగతి ఇడిసిపెట్టింది, ఆమె బిడ్డ కోసం నువ్వు గా బొక్కలు ఇడువలేవా అంది.

అవును, మనల్ని కన్న అవ్వ పోయినప్పుడు నన్ను పెంచింది నువ్వే. కానీ నీ చదువు నేను మాన్పించలేదు, అక్కా. అప్పుడు నాకు నాలుగేళ్లు. అన్నం కలుపుకోవడం కూడా రాదు. నిన్ను మాన్పించింది వీళ్లు. ఇల్లు నిండా మనుషులుండి, అందరూ చేతులు కట్టుకొని, పదిహేనేళ్ల పిల్ల చంకలో నన్ను పెట్టారు. ఆ తర్వాత నా జీవితమంతా నీ కోసమే మీ అక్క ఆగిపోయిందని నాకే చెప్పారు. పరీక్ష పాసైనా చెప్పారు, ఫెయిలైనా చెప్పారు. ఆ బరువు నాకు తెలుసు. నువ్వు ఒక్కనాడు కూడా అనలేదు, అదింకా బరువు.

శ్రీజకూ ఇప్పుడు నాలుగేళ్లే.

నీకు ఒకసారి చెప్పాను, మనిషి పిల్ల ఎదగడానికి ఎన్నేళ్లు పడుతుందో. లేడి పిల్ల పుట్టిన కాసేపటికే పరుగెడుతుంది, మన పిల్లకు ఏళ్లకేళ్లు ఒకరు తినిపించాలి. తల్లి ఒక్కతే చేసి ఉంటే మన జాతి ఎప్పుడో పోయేదని, చుట్టూ ఉన్న చేతులన్నీ కలిసి మోశాయి కాబట్టే మిగిలామని మా పుస్తకాల్లో ఒక వాదన ఉంది. బీడీలు చుడుతూ విన్నావు. "మరి మనింట్ల గా చేతులన్ని ఏడికి పోయినయే" అన్నావు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది.

పోయిన వారం నేనొక్కదాన్నే బోధన్ పోయాను. బావతో మాట్లాడాను. ఆ మాట ఇచ్చింది మా అక్క, నేను కాదు అన్నాను. బావ, చిన్నప్పుడు నిన్ను స్కూల్ బస్సు ఎక్కించినోన్ని, నాకు మాత్రం ఎట్ల మనసొప్పుతది అన్నాడు. మరి ఆ రోజు ఎందుకు తల దించుకున్నావు అన్నాను. మీ అక్క ఆఖరి మాట కదా అన్నాడు. శ్రీజకు జడ వేయడం కూడా రాదు, లారీ మీద పోతే రోజులకు రోజులు ఇంటికి రాను, నేనేం చేయాలె అన్నాడు.

అక్కా, అరిచాను. నీ ఇంట్లో నీ మొగుడి మీద అరిచాను. బావా, ఇక్కడ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఎక్కడెక్కడి ఊళ్లకో చెరుకు తోలడం నేర్చుకున్నావు, రాని మరాఠీ నేర్చుకున్నావు, జడ రాదా? సీజన్ అయిపోయింది, వేసవంతా ఇంట్లోనే ఉంటావు, నేర్చుకో. సీజన్ వచ్చినప్పుడు బాపు దగ్గర ఉంటుంది, పెద్దమ్మ దగ్గర ఉంటుంది, సెలవుల్లో నా దగ్గర ఉంటుంది. పెళ్లే కావాలంటే నీ ఇష్టం, ఒప్పుకున్న మనిషిని చేసుకో. శ్రీజ కోసం ఇంకో ఆడపిల్లను మూలకు కూర్చోబెట్టకు.

శ్రీజ గుమ్మంలో నిలబడి అంతా వింది. దువ్వెన తెచ్చి వాళ్ల నాన్న ఒళ్లో పెట్టింది. ఆయన వేసిన జడ గుర్రం తోకలా ఉంది, అది కూడా ఒక పక్కకు. శ్రీజ అద్దంలో చూసుకొని ఏడ్చింది. బావ విప్పి మళ్లీ వేశాడు.

పెద్దమ్మకు తనే ఫోన్ చేసి ఈ పెళ్లి వద్దన్నాడు. పెద్దమ్మ నా గుమ్మం తొక్కనంది. బాపు నాతో మాట్లాడటం లేదు. నిన్న మాత్రం నా బ్యాగు జిప్పు పోయిందని చూసి బయటికి తీసుకుపోయి బాగుచేయించి తెచ్చి మంచం మీద పెట్టాడు.

వస్తున్నానని శిక్షణ వాళ్లకు జవాబు పంపేశాను. ఎల్లుండి పొద్దున రైలు.

కోపం తగ్గలేదు. నువ్వుంటే ఒక రోజంతా కొట్లాడి, సాయంత్రానికి కలిసి తినేవాళ్లం. ఇప్పుడు నేనొక్కదాన్నే కొట్లాడాలి, ఒక్కదాన్నే మానుకోవాలి. అది ఎప్పటికవుతుందో...

నీ బిడ్డ ఆగం కాదు. నేను దానికి చిన్నమ్మను, చిన్నమ్మగానే వస్తూ పోతూ ఉంటాను. నీ కోసమే మీ చిన్నమ్మ ఆగిపోయిందని దానికి మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆ మాట దాని చెవిన పడనివ్వను.

నీ చెల్లె,
రజిత