నువ్వు అనని ఆమెన్

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాలటికి ఏడాది. ఫలక్‌నుమాల మీ ఇంట్లనే ప్రార్థన పెట్టిన్రు.

మన లొల్లంతా ప్రార్థనలనే నడిచేది, యాదికుందా? బాప్తిస్మమంటే నీళ్లల్ల ముంచాలె అని నువ్వు, నెత్తిన చిలకరిస్తె చాలని నేను. కండ్లు మూసుకొని "ప్రభువా, మా తమ్మునికి బుద్ధియ్యి" అనేటోనివి. నేను ఆమెన్ అనేటోన్ని కాదు. నా ప్రార్థనకు నువ్వూ అనేటోనివి కాదు. గట్లనే చివరి మూడేండ్లు మాటలే బందైనయ్.

పోయిన ఆదివారం నీ బిడ్డ నీళ్లల్ల మునిగి బాప్తిస్మం తీసుకున్నది. వణుక్కుంట బయటికొస్తె తువ్వాల కప్పింది నేనే.

ఇయ్యాల వదిన నన్నే ప్రార్థన చెయ్యమన్నది. "ప్రభువా, మా అన్న చెప్పింది గూడ నిజమే" అన్న. అందరు ఆమెన్ అన్నరు. నేనే, ఇంకొక్క గొంతు కోసం, కండ్లు తెరవకుండ జరసేపు ఆగిన.