విత్తనాల పండుగకు ట్రైపాడ్

భద్రాచలం
2 మే 2005

అల్లుడు సుకుమార్‌కు,

నిరుడు నీ స్టూడియోలో “ముసలాయనకు ఇది చాల్తది” అంటూ నువ్వు అంటగట్టిన ట్రైపాడ్ ఫొటోలకే పనికొస్తుందని పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. విత్తనాల పండుగనాడు కోయ ఆడవాళ్లు పాట పాడుతూ గుండ్రంగా తిరిగి ఆడుతుంటే, దాని మీద వీడియో కెమెరాను వాళ్ల వెంట తిప్పాను. బొమ్మ అడుగడుగునా ఎగిరిపడింది. ఆ పాట విత్తనం చల్లే ముందు ఒక్కసారే పాడతారు, బతిమాలినా మళ్లీ పాడరు. ఆ టేపు చూసిన కాలేజీ లెక్చరర్ “సారుకు చేతులు వణుకుతున్నయ్” అని నలుగురిలో నవ్వాడు. వణికేది చేతులే, బుద్ధి కాదు.

వచ్చే ఆదివారం మళ్లీ పండుగ. పాట ఎత్తుకునే ముత్తమ్మ కబురు పంపింది: “ఈసారన్న సక్కగ తియ్యి సారూ, నా గొంతు ఇంకా గట్టిగనే ఉంది.”

కాబట్టి వీడియోకు పనికొచ్చే ట్రైపాడ్ ఖమ్మంలో దొరక్కపోతే హైదరాబాదు నుంచైనా తెప్పించు. పండుగ జరిగే గుట్ట మీద నిలిచేలా కాళ్లు బరువుగా ఉండాలి. పైన కెమెరా బిగించే చోట ఫ్లూయిడ్ హెడ్ తప్పనిసరి. లోపలి నూనె వల్ల అది మెత్తగా తిరుగుతుందట. కొనేముందు నువ్వు తిప్పి చూసి తలూపకు, మీ నాన్న చేత తిప్పించు. మా బావ చేయి నాకన్నా ఎక్కువ వణుకుతుంది. ఆయన తిప్పినా బొమ్మ అదరకపోతే, ఆ రోజే దాన్ని పట్టుకుని బస్సెక్కు.

మీ మామ