రెండు ‘ఎన్’లకు రెండు చప్పట్లు

స్వరూపా,

నువ్వు కాలం జేసి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దటి సంది నాకు ఒక్కచోట కూసోబుద్ది అయితలేదు. నీ దగ్గర నాలుగో తరగతి చదివిన పిల్లలు ఇప్పుడు నా ఐదో తరగతిల ఉన్నరు.

ఇయ్యాల ఇంగ్లీషుల ‘రన్’కు ‘ఇంగ్’ కలిపి రాయమంటే సగం మంది ఒక్కటే ‘ఎన్’ రాసిన్రు. మూడుసార్లు చెప్పిన. బోర్డు మీద రాసి చూపిచ్చిన. ఎవ్వరికీ ఎక్కలే. అప్పుడు శిరీష లేచి, "టీచర్, స్వరూప టీచర్ చప్పట్లు కొట్టిచ్చేది. ‘రన్’ లెక్క పొట్టి పలుకైతే చివరి అక్షరానికి రెండు చప్పట్లు, ‘రెయిన్’ లెక్క సాగే పలుకైతే ఒక్కటే" అన్నది. కొట్టిచ్చిన. ఈసారి అందరూ సక్కగ రాసిన్రు.

అప్పట్ల ఆ చప్పట్లతోనే పక్కన నా క్లాసుకు లొల్లి అయితాందని పెద్దసారుకు చెప్పింది నేను. ఆయన ఆ దినమే నీతోని బంద్ జేపిచ్చిండు. నువ్వు కండ్లు తుడుసుకుంటుంటే, నేను ఏం తెల్వనట్టు నీ పక్కనే నిలబడ్డ.

బడి ఇడవంగనే మేడ్చల్‌ల బస్సెక్కి అత్వెల్లిల మీ ఇంటికి పోయిన. మీ అమ్మ మంచినీళ్లిచ్చి, "నా బిడ్డ దోస్తువా?" అని అడిగింది. నీళ్లు తాగకుండనే అంతా చెప్పేసిన.

"గా ముచ్చట దానికి ఆ దినమే ఎర్కైంది బిడ్డా. ఇంటికొచ్చి నాతోని చెప్పింది" అన్నది.

అంతా ఎర్కుండి, మర్నాడు నీ టిఫిన్ డబ్బల పప్పన్నం సగం నాకెందుకు పెట్టినవ్ స్వరూపా?