నేను పలకని ఆమెన్

ఆదివారం, రాత్రి

మా ఆయన ఒడ్డుకొచ్చినాడు. ఇంక నిద్ర పడుతుందేమో.

కోస్తాకు వలసపోయి బోటు ఇంజన్ చూసుకునే పని చేస్తాండాడు, నిన్ననే సముద్రం మీదికి పోయినాడు. తెల్లారి ఫోన్లో మెసేజ్ చూస్తే కోస్తాలో పిడుగులు, ఈదురుగాలులు, బోట్లు సముద్రంలోకి పోవద్దని ఉండాది. పోయినోళ్ల సంగతి మాత్రం అందులో లేదు. ఎన్నిసార్లు చేసినా ఆయన ఫోన్ కలవలేదు.

చర్చిలో ఈ పొద్దు వాన కోసం ప్రార్థన. శనక్కాయ చేలు ఎండిపోతాండాయి, ఊరంతా మోకాళ్ల మీద కూర్చున్యారు. "మేఘాలను పంపు తండ్రీ" అని పాస్టరయ్య అంటే అందరూ ఆమెన్ అన్యారు. నాకు నోరు పెగల్లేదు. ఆ మేఘాలు ముందు యాడ లేస్తాయో నాకు తెలుసు.

సాయంత్రం ఆయనే ఫోన్ చేసినాడు. "గాలి ముదరకముందే తిరిగొచ్చినాం. బోట్లన్నీ కట్టేసినాం. నువ్వు తిన్యావా?" తిన్యానని అబద్ధం చెప్పినా.

ఆయన ఒడ్డుకొచ్చిన మాట అత్తకు చెప్తా చెప్తా, చర్చిలో ఆమెన్ అనలేదని కూడా చెప్పేసినా. ఎండేది ఆమె చేనే, శానా తిడుతుందనుకున్యా. సంగటి పళ్లెం నా ముందరికి జరిపింది.

"నేనూ అనలేదులే. తిను."